తెర మీది మెదడు ఉదయం నాటిది

యాంకర్: చిన్న రంధ్రం గుండా మెదడు ఆపరేషన్ అంటే వినడానికే టెన్షన్‌గా ఉంది. లోపల దారి ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ?

న్యూరోసర్జన్: ముందుగా తీసిన ఎంఆర్ఐని నావిగేషన్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. తలను క్లాంప్‌లో బిగించి, క్లాంప్‌కి తల ఎక్కడుందో కెమెరాకి తెలిపే రిఫరెన్స్ ఫ్రేమ్ తగిలిస్తాం. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఆ ఫ్రేమ్‌నీ, నా చేతిలోని పాయింటర్‌నీ గమనిస్తూ ఉంటుంది. పాయింటర్ మొన ఎక్కడుందో స్కాన్ మీద కనిపిస్తుంది.

యాంకర్: ఆ స్కాన్, ఈ తల ఒకటేనని మెషీన్‌కి ఎవరు చెబుతారు?

బయోమెడికల్ ఇంజినీర్: దాన్నే రిజిస్ట్రేషన్ అంటాం. నుదురు, ముక్కు చుట్టూ పాయింటర్‌తో తాకుతూ పోతే ముఖం ఆకారం స్కాన్‌తో కలుస్తుంది. చివర్లో మెషీన్ ఎర్రర్ ఎన్ని మిల్లీమీటర్లో చూపిస్తుంది. అది తక్కువగా ఉందని మురిసిపోకూడదు. తాకిన బిందువులు ఎంత బాగా కలిశాయన్నదే అది చెబుతుంది, లోతున గడ్డ దగ్గర తేడా ఎంతో చెప్పదు.

న్యూరోసర్జన్: నేనైతే ముక్కు మొదలు, చెవి ముందు భాగం మళ్లీ తాకి చూసుకోనిదే కోత పెట్టను.

యాంకర్: అక్కడ సరిపోతే ఇక నిశ్చింతేనా?

న్యూరోసర్జన్: అసలు చిక్కు అప్పుడే మొదలవుతుందండీ. మెదడుని కప్పి ఉంచే డ్యూరా పొర తెరవగానే మెదడు చుట్టూ ఉన్న ద్రవం కారిపోతుంది, మెదడు కిందికి కుంగుతుంది. వాపు తగ్గడానికి ఇచ్చిన మానిటాల్ మందు దాన్ని ఇంకాస్త కుదిస్తుంది. గడ్డ తీసేకొద్దీ చుట్టూ ఉన్న భాగం ఖాళీలోకి ఒరుగుతుంది. ఒక్కోసారి సెంటీమీటరు దాకా తేడా వస్తుంది. తెర మాత్రం ఉదయం తీసిన స్కాన్‌నే చూపిస్తూ కూర్చుంటుంది!

యాంకర్: రంధ్రం చిన్నదైతే కుంగడం తగ్గదా?

న్యూరోసర్జన్: తగ్గుతుంది. కానీ కంటికి ఆనవాళ్లు కూడా తక్కువే కనిపిస్తాయి, తెర మీద ఆధారపడటం పెరుగుతుంది. ముక్కు గుండా చేసే, మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి ఆపరేషన్‌లో ఈ బాధ తక్కువ, దారంతా ఎముకే కాబట్టి. అక్కడ కూడా పక్కనున్న, మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిని, రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్‌తో విని నిర్ధారించుకుంటాం.

ఇంజినీర్: తలకి పెద్ద లోహపు చట్రం బిగించకుండా స్కాన్‌ని మైక్రోస్కోప్‌తో కలిపిన అమెరికా న్యూరోసర్జన్ డేవిడ్ రాబర్ట్స్ బృందం పని 1986లో వచ్చింది. 1990ల మధ్యలో బోస్టన్‌లో ఆపరేషన్ మధ్యే ఎంఆర్ఐ తీయడం మొదలుపెట్టారు. ఖరీదైన వ్యవహారం. నన్నడిగితే, ముందు కొనాల్సింది మెదడు ఆ క్షణంలో ఎలా ఉందో చూపించే మంచి అల్ట్రాసౌండ్.

యాంకర్: కంటికి ఒకటి, తెర మీద ఇంకొకటి కనిపిస్తే?

న్యూరోసర్జన్: చేయి ఆపేస్తాను. డ్యూరా తెరవకముందే ఎముక అంచున చిన్న గుర్తులు డ్రిల్ చేసి, వాటి స్థానం మెషీన్‌లో నమోదు చేసి ఉంచుతాం. పాయింటర్‌తో వాటిని తాకుతాను. అక్కడ తేడా వస్తే ఎవరి మోచెయ్యో తగిలి ఫ్రేమ్ జరిగినట్టు. ఆ గుర్తులతోనే మళ్లీ రిజిస్టర్ చేస్తాం. ఎముక దగ్గర సరిగ్గానే ఉంటే కదిలింది మెదడు. అప్పుడు అల్ట్రాసౌండ్ ప్రోబ్ అడుగుతాను.