అమ్మేసిన కారుకి మూడో తాళం

సభాధ్యక్షులకు, ప్రిన్సిపాల్ గారికి, ఆటోమొబైల్ విభాగం అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. ఇందాక పరిచయంలో చెప్పినట్టు మొబైల్ నెట్‌వర్క్‌లలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. నన్ను పిలిచినందుకు కృతజ్ఞతలు. మిగతా మర్యాదలు పెద్దలు మన్నించాలి, ఎందుకంటే ఒక విషయం చాలా రోజులుగా నా మనసులో నలుగుతోంది.

నాకిచ్చిన అంశం కార్లలో ఇంటర్నెట్, రేపటి అవకాశాలు. అవకాశాల సంగతి మీ మాస్టార్లు నాకన్నా బాగా చెబుతారు. నేను ఒక నీలం చుక్క గురించి చెబుతాను.

రెండేళ్ల కిందట నా కారు అమ్మేశాను. ఒక ఉద్యోగిని కొనుక్కున్నారు. డబ్బు అందింది, కాగితాలు మారాయి, రెండు తాళాలూ ఆమె చేతిలో పెట్టాను. రెండు నెలల తర్వాత ఒక రాత్రి నా ఫోన్ మోగింది. ‘మీ కారు వెనక ఎడమ తలుపు లాక్ కాలేదు’ అని మెసేజ్. ఏ కారు? ఫోన్‌లో ఉన్న కారు కంపెనీ యాప్ తెరిచాను. మ్యాప్ మీద నీలం చుక్క. ఆవిడ ఇంటి ముందు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ఉంది, టైర్లలో గాలి ఎంతుందో ఉంది. కింద గుండ్రటి బటన్: ‘అన్‌లాక్’. నా బొటనవేలు దానికి అంగుళం దూరంలో ఉంది. అప్పుడు అర్థమైంది, ఆ కారుకి మూడో తాళం ఒకటుందని, అది ఇన్నాళ్లూ నా జేబులోనే ఉందని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను తలుచుకుంటే ఆమె ఎన్నింటికి బయల్దేరుతారో, ఎక్కడ ఆగుతారో రోజూ చూడగలిగేవాణ్ణి. నేను కాకుండా ఇంకెవరైనా అయితే?

ఈ కథకి మళ్లీ వస్తాను. ముందు అసలు ఆ కారులో ఏముందో చూద్దాం. కారు పైకప్పు వెనక సొరచేప రెక్కలా చిన్న ముక్క ఉంటుంది కదా, చాలా కార్లలో యాంటెన్నాలు ఉండేది అందులోనే. వైరు వెంట లోపలికి వెళితే టెలిమాటిక్స్ యూనిట్ అనే డబ్బా. అందులో టవర్‌తో మాట్లాడే మోడెమ్, కారు ఎక్కడుందో చెప్పే జీపీఎస్, ఫ్యాక్టరీలోనే అతికించేసిన ఈసిమ్. మీ ఫోన్‌లో సిమ్ మీరు తీసి పారేయగలరు. దీన్ని తీయలేరు. మీరు మీ ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపినా కలపకపోయినా ఇది తన దారిన తాను టవర్‌తో మాట్లాడుతూ ఉంటుంది. కారు మీది. ఆ సిమ్ మీది కాదు. దయచేసి ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1996లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ తన కాడిలాక్ కార్లతో ఆన్‌స్టార్ మొదలుపెట్టింది, అంటే కారులోంచే నెట్‌వర్క్ ద్వారా సహాయం అందుకునే సేవ. అప్పట్లో అది అనలాగ్ అనే తొలితరం మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచేది. అమెరికాలో 2008లో అనలాగ్ మూతపడింది, దాని మీదే ఆధారపడిన పాత కార్లలో ఆ సేవ ఆగిపోయింది. 2022లో 3జీ మూసేసినప్పుడూ అదే కథ, ఎన్నో కార్లు మూగబోయాయి. నెట్‌వర్క్ మూసేటప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్కో టవర్ నుంచీ పరికరాలు దించేస్తాం. దాని మీద ఆధారపడ్డ డబ్బా ఏ కారులో ఉందో మేం చూడం, మాకు కనబడదు కూడా. ఇంజిన్ ఇంకా పదేళ్లు నడుస్తుంది, మోడెమ్ మాత్రం ఆ రోజే చచ్చిపోతుంది. రేపు కార్లు డిజైన్ చేసేది మీరే. ఆ మోడెమ్ కార్డు విప్పి మార్చుకునేలా ఎందుకు ఉండకూడదు? ఇది నేను అడుగుతూనే ఉంటాను.

అలాగని కారులో ఇంటర్నెట్ వద్దని అనను. ఆ మాట అంటే తప్పు చేసినవాణ్ణవుతాను. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లకు ఈకాల్ అనే అత్యవసర ఫోన్ ఏర్పాటు తప్పనిసరి. గట్టిగా గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కారు తనంతట తానే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తుంది. ఎక్కడుందో, ఎటు వైపు వెళ్తోందో పంపిస్తుంది. డ్రైవర్ స్పృహలో లేకపోయినా సరే. ఇంతకన్నా పుణ్యమైన పని ఒక మోడెమ్‌కి ఏముంటుంది? ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ప్రమాదం జరిగేదాకా ఆ ఈకాల్ నిద్రపోతూ ఉంటుంది. కారు ఎటు తిరుగుతోందో ఎవరికీ చెప్పదు. చట్టం అలా రాసింది, ఇంజినీర్లు అలా కట్టారు. అంటే అవసరం వచ్చేదాకా నోరు మూసుకుని ఉండే మోడెమ్ చేయడం మనకు చేతనైన పనే. మరి కంపెనీ యాప్ కోసం పనిచేసే మోడెమ్ ఎందుకు ఊరుకోదు?

2025 జనవరిలో అమెరికాలో వినియోగదారుల హక్కులు కాపాడే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జనరల్ మోటార్స్ మీద ఒక ఆరోపణ చేసింది. సరైన అనుమతి లేకుండా కార్ల లొకేషన్, డ్రైవింగ్ వివరాలు సేకరించి అమ్మిందని. లొకేషన్ కొన్నిసార్లు మూడు సెకన్లకోసారి. గట్టిగా బ్రేకు వేశారా, రాత్రిపూట నడిపారా, అన్నీ లెక్కే. ఆ వివరాలు బీమా ప్రీమియం లెక్కగట్టేవాళ్ల దాకా వెళ్లాయి. ఇక హ్యాకింగ్. 2015 సంగతి మీరు చదివే ఉంటారు. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ఇంట్లో కూర్చుని హైవే మీద పోతున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా పట్టుకున్నారు. పాటల వాల్యూమ్ పెంచారు, వైపర్లు తిప్పారు, చివరికి యాక్సిలరేటర్ తొక్కినా కారు కదలకుండా చేశారు. దాంతో కార్ల కంపెనీ ఆ లోపం సరిచేయడానికి 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. నెట్‌వర్క్ కంపెనీ కూడా తన వైపు నుంచి ఆ దారి మూసేసింది. దాని గురించి ఇంకా చెప్పవచ్చు కానీ, హ్యాకింగ్ అంటే అందరూ భయపడతారు. నా కారు కథలో హ్యాకింగే లేదు. నా పాస్‌వర్డ్‌తో నేనే లోపలికి వెళ్లాను. అదీ నా బాధ.

మర్నాడు పొద్దున్నే ఆమెకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. చాలాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత ‘అంటే ఇన్నాళ్లూ మీకు కనబడుతోందాండీ?’ అని అడిగారు. ఏం చెప్పను? చూడలేదమ్మా, కానీ చూడగలను అన్నాను. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కొన్నవాళ్లు అడగాలన్నారు. ఆమె అడిగితే పాత ఓనరు అనుమతి కావాలన్నారు. ఇద్దరం మూడు వారాలు తిరిగాం. చివరికి ఒక ఆదివారం ఆమె కారు తీసుకుని వచ్చారు. ఇద్దరం ముందు సీట్లలో కూర్చుని స్క్రీన్ తెరిచాం. అప్పుడామె మెల్లిగా, ‘సార్, మీ అమ్మాయి నంబరు, మీ ఇంటి దారి నాకు కూడా కనబడుతూనే ఉన్నాయండీ’ అన్నారు. నా కాంటాక్టులన్నీ అందులోనే ఉండిపోయాయి.

సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు కిందికి వెళితే ఫ్యాక్టరీ రీసెట్ దొరికింది. అది నొక్కాం. స్క్రీన్ నల్లబడింది. నా ఫోన్‌లో మాత్రం చుక్క అలాగే ఉంది! కారులో చెరిపితే కంపెనీ సర్వర్‌లో చెరగదు. యాప్‌లో నా అకౌంట్ నుంచి వాహనాన్ని వేరేగా తీసేయాలి. అదీ చేశాక చుక్క పోయింది. ఆమె కారు స్టార్ట్ చేసి వెళ్లిపోయారు. ఎటు వెళ్లారో నాకు తెలియదు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. మీలో, మీ ఇళ్లలో కారు అమ్మినవాళ్లు ఉంటే ఇప్పుడే ఫోన్ తీసి ఆ యాప్ తెరవండి. పాత కారు కనబడితే కొన్నవాళ్లకి ముందు ఫోన్ చేయండి. ఆ తర్వాతే దాన్ని అకౌంట్ నుంచి తీసేయండి, వాళ్లకి తెలియకుండా వద్దు. పాత కారు కొన్నవాళ్లయితే వెనకటి ఓనరుని అడగండి. మొహమాటపడకండి. ఆ పని చేసుకుని రండి, నేను ఇక్కడే ఉంటాను, ప్రశ్నలు తర్వాత అడుగుదురు గాని.