హంట్ సోదరులను ముంచింది నిబంధనలు కావు, వెండి!

నమస్కారం. అప్పులు చేసి మరీ వెండిని గుట్టలుగా పోగేసి మునిగిపోయిన చమురు సంపన్నులు, టెక్సాస్ హంట్ సోదరుల పేరెత్తగానే "ఆట మధ్యలో నిబంధనలు మార్చి వాళ్లను ముంచేశారు" అని కన్నీళ్లు పెట్టుకునే వెండి అభిమానులందరికీ ఈ రోజు ఒకే ఒక్క మాట చెబుతాను. చమురు బావి మీద అప్పు చేసిన తండ్రి కుబేరుడయ్యాడు. వెండి కడ్డీ మీద అప్పు చేసిన కొడుకులు దివాలా తీశారు.

1930 నవంబరులో, డల్లాస్‌లోని ఒక హోటల్లో, పేకాటలో చెయ్యి తిరిగిన హెచ్.ఎల్. హంట్ అనే వ్యక్తి 'డాడ్' జాయినర్ అనే వృద్ధుడి నుంచి తూర్పు టెక్సాస్ చమురు లీజులను కొన్నాడు. బేరం సుమారు 13 లక్షల డాలర్లకు కుదిరితే, రొక్కంగా ఇచ్చింది 30,000 మాత్రమే. మిగతా సొమ్ములో అత్యధిక భాగాన్ని ఆ నేలలోంచి రాబోయే చమురు అమ్మి తీర్చాలన్నది ఒప్పందం. పాలమ్మి గేదె బాకీ తీర్చడమంటే ఇదే.

మరి కొడుకులు? 1973లో లిబియాలోని బంకర్ హంట్ చమురు వాటాను ఆ దేశ పాలకుడు గడాఫీ జాతీయం చేశాడు. కాగితపు డబ్బును నమ్మని బంకర్, తమ్ముడు హెర్బర్ట్‌తో కలిసి వెండి మీద పడ్డాడు. 1979 ఆరంభంలో ఆరు డాలర్లున్న ఔన్సు ధర 1980 జనవరికి 50 డాలర్ల అంచుకు చేరింది. అమెరికాలో జనం తాతల నాటి వెండి చెంచాలను, టీ సెట్లను కరిగించడానికి వరుసలు కట్టారు. నగల సంస్థ టిఫనీ ఏకంగా పత్రికలో ప్రకటన వేయించి మరీ వెండిని పోగేసేవాళ్ల మీద దుమ్మెత్తిపోసింది!

వెండి బేరాలు జరిగే న్యూయార్క్ ఎక్స్ఛేంజ్, కామెక్స్, జనవరి 7న ఒక్కొక్కరి కొనుగోళ్లకు పరిమితులు విధించి, 21న కొత్త కొనుగోళ్లకే తలుపులు మూసింది. అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ అప్పు లేనివాడిని ఆ నిబంధన ఏం చేయగలదు? కడ్డీలను ఇనప్పెట్టెలో పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోయేవాడు. వీళ్లకు మాత్రం ధర దిగిన ప్రతిసారీ బ్రోకర్లు మార్జిన్ సొమ్ము, అంటే అప్పుకు అదనపు హామీగా రొక్కం, తెమ్మన్నారు; పది కోట్ల ఔన్సులకు పైగా పోగేసిన ఆ వెండి రోజుకు ఒక్క డాలరైనా పిండదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు దాని మీద అప్పులిచ్చినవారిని ఏమనాలి?

మార్చి 27న ధర 10.80 డాలర్లకు కూలింది. చివరికి 110 కోట్ల డాలర్ల బ్యాంకు రుణం కోసం తండ్రి మిగిల్చిన చమురు కంపెనీ ప్లాసిడ్ ఆయిల్ ఆస్తులనే, అంటే పాలిచ్చే గేదెనే, తాకట్టు పెట్టవలసి వచ్చింది. 1986లో చమురు ధర కూడా పడిపోవడంతో ప్లాసిడ్ దివాలా రక్షణ కోరింది, 1988లో బంకర్ తానే దివాలా పిటిషన్ వేశాడు. అప్పటికి అదే తండ్రికి మరో భార్య వల్ల పుట్టిన రే హంట్, 1984లో యెమెన్‌లో కనుగొన్న చమురును గొట్టాల ద్వారా ఎర్ర సముద్రానికి చేర్చి అమ్ముకుంటున్నాడు.