ఫ్యాన్ ఆపి వినాల్సిన బ్లూస్: మడ్డీ వాటర్స్ ‘ఫోక్ సింగర్’ ఎల్పీ రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ్టి రికార్డు ‘ఫోక్ సింగర్’, అమెరికా నల్లజాతి వాళ్ళ పాటల సంప్రదాయమైన బ్లూస్ పాడే మడ్డీ వాటర్స్‌ది. ముందే చెప్పేస్తున్నా, దీన్ని నేను కొనలేదు. హైదరాబాద్‌లో ఎల్పీలు, అంటే సూది పెట్టి వినే పెద్ద రికార్డులు, తెప్పించి అమ్మే ఒకాయన రివ్యూ చేయమని పంపారు, తిరిగివ్వక్కర్లేదన్నారు. డబ్బులు మాత్రం ఏమీ ఇవ్వలేదు. మొదట పంపిన కాపీ సంగతి చెబితే ఆయన ఎలాగూ నొచ్చుకుంటారు, కాబట్టి అది కాసేపాగి చెబుతా.

రికార్డు బరువెంత, కవర్ అట్ట ఎంత మందం, ఇవన్నీ మీరు ఈపాటికే నాలుగైదు వీడియోల్లో చూసుంటారు. నేను ఫ్యాన్ గురించి మాట్లాడతాను.

అవును, సీలింగ్ ఫ్యానే. మా హాల్లో ఫ్యాన్ రెండో నంబరు మీద తిరిగేటప్పుడు సన్నగా టక్ టక్‌మంటుంది. ఏళ్ళ తరబడి అంటూనే ఉంది, మేం పట్టించుకోవడం మానేశాం. ఈ రికార్డు మీద సూది పెట్టిన మొదటి నిమిషంలోనే ఆ చప్పుడు నా చెవిన పడింది. ఎందుకంటే, మొదటి పాట ‘మై హోమ్ ఈజ్ ఇన్ ద డెల్టా’లో వాయిద్యాలు తక్కువ, ఖాళీ ఎక్కువ. తీగ మీటి వదిలాక ఆ నాదం గదంతా తిరిగి మెల్లగా సన్నగిల్లుతుంది. సరిగ్గా అది సన్నగిల్లే చోట మా ఫ్యాను వచ్చి కూర్చుంది. లేచి ఆపేశా. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి నన్ను చూసిన చూపు మీకు వీడియోలో పెట్టలేను.

అప్పట్నుంచి నాకు బ్లూస్ రికార్డులన్నీ రెండే రకాలు. ఫ్యాన్ ఆపించేవి, అక్కర్లేనివి.

ఇది 1963 సెప్టెంబర్లో చికాగోలో రికార్డు చేశారు, 1964లో చెస్ కంపెనీ విడుదల చేసింది. అప్పటికి మడ్డీ వాటర్స్ అంటే ఎలక్ట్రిక్ గిటారు, హార్మోనికా, డ్రమ్స్‌తో హోరెత్తించే చికాగో బ్యాండు. అమెరికాలో కాలేజీ పిల్లలు ఫోక్, అంటే జానపద పాటల మీద పడ్డారు కదా, ఆ గాలికి ఈయన చేతిలో కూడా మామూలు గిటారు పెట్టారు. పక్కన రెండో గిటారు బడ్డీ గై, అప్పటికి ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. బేస్ విల్లీ డిక్సన్, డ్రమ్స్ క్లిఫ్టన్ జేమ్స్. అమ్మకాల కోసం వేసిన ఎత్తే అనుకోండి. కానీ ఆ ఎత్తు వల్ల మైక్ ముందు అడ్డంగా ఉన్నవన్నీ పోయి, మనిషి మిగిలాడు.

ఇంక మడ్డీ గొంతు. ఈయన ఒక లైను మన పక్కన కూర్చుని మాట్లాడినట్టు అంటాడు. తర్వాతి లైను ఒక్కసారిగా ఎత్తుతాడు. మెల్లగా పాడినది బాగా వినపడాలని నేను వాల్యూమ్ పెంచి కూర్చున్నానా, ఆ ఎత్తుకి సోఫాలోంచి లేచాను. కింద ఫ్లాట్ అంకుల్ ఫోన్ చేశారు, “బాబూ, అంతా బాగానే ఉందా?” అని. ఇదే పాట ఫోన్‌లో వింటే గుసగుస, కేక ఒకే ఎత్తులో వచ్చేస్తాయి. స్టీరియోకి అంత డబ్బు ఎందుకు పోశావని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను ఈ ఒక్క పాట పెట్టి ఊరుకుంటా. మీకూ వినిపిద్దునుగానీ కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది.

గిటారు దగ్గర ఇంకో మాట. ఈయన వేలికి గొట్టం లాంటిది తొడుక్కుని తీగ మీద జారుస్తాడు. స్వరం మెట్లెక్కినట్టు వెళ్ళదు, జారుతుంది. మన చిత్రవీణ, అదే గోటువాద్యం విన్నవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు, కర్రముక్కతో వాళ్ళు చేసేదీ ఆ జారుడే. గొంతు ఒక మాట అని ఆగితే గిటారు అందుకుని జవాబిస్తుంది, బుర్రకథలో వంత లాగా. మా అమ్మ మాత్రం రెండు పాటలు విని, “పాపం, ఎవరు పోయారురా?” అంది. డెల్టా అంటే ఏంటని కూడా అడిగింది. నది సముద్రంలో కలిసేచోటు అని మనం చదువుకున్న డెల్టా కాదమ్మా, మిసిసిపీ రాష్ట్రంలో పత్తి పండించే పల్లపు నేల అన్నాను. “పత్తా? అయితే ఏడుస్తాడులే” అంది. ఆవిడ పుట్టింది గుంటూరు జిల్లాలో లెండి.

ఆ పత్తి పొలాల్లోనే, స్టోవాల్ ప్లాంటేషన్‌లో, 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డింగ్ మిషను పట్టుకెళ్ళి ఈయన పాట రికార్డు చేశాడు. రెండేళ్ళకి ఈయన చికాగో వెళ్ళిపోయాడు. అప్పుడు పాడిన ‘కంట్రీ బ్లూస్’ తర్వాత ‘ఫీల్ లైక్ గోయింగ్ హోమ్’ అయింది. ఈ ఎల్పీలో చివరి పాట అదే. బడ్డీ గై లేడు, బేస్ లేదు, డ్రమ్స్ లేవు, ఈయన ఒక్కడే. అది అయిపోయాక నేను ఫ్యాన్ వెయ్యడం మర్చిపోయా.

ఇప్పుడు ఆ మొదటి కాపీ. రికార్డు మధ్యలో రంధ్రం ఉంటుంది కదా, అది ఒక పిసరు పక్కకి పడింది. ప్రతి చుట్టుకీ సూది అటూ ఇటూ ఊగుతోంది, స్వరం హెచ్చుతూ తగ్గుతూ ఉంది. స్లైడ్ గిటారుకి జారడం సహజం కదా, కొంతసేపు ఇది కూడా మడ్డీ వాటర్స్ గొప్పతనమే అనుకుని తలూపాను. సిగ్గుచేటు. నాలుగు వేలు దాటిన వస్తువులో రంధ్రం మధ్యలో ఉండాలని కోరుకోవడం కూడా అత్యాశేనా? మార్చి ఇచ్చారు, రెండోది బాగుంది. కానీ ఆ వారం రోజుల చిరాకు నా మార్కుల్లో కలుస్తుంది, దాచను.

నాకు నచ్చిన మిగతా బ్లూస్ రికార్డులు గబగబా చెప్పేస్తా. జాన్ లీ హుకర్ ‘బూగీ చిల్లెన్’, 1948. గిటారు ఒకటి, గొంతు ఒకటి, కాలు ఒకటి. కాలి కింద చెక్క పెట్టి దానికీ మైక్ పెట్టారు. స్పీకర్లో కింది స్వరాల టెస్టుకి ఉరుములూ విమానాలూ పెట్టేవాళ్ళు ఈ కాలి తాళం పెట్టి చూడండి. జూనియర్ వెల్స్ ‘హూడూ మ్యాన్ బ్లూస్’, 1965. ఇందులోనూ బడ్డీ గై ఉన్నాడు. మధ్యలో ఆంప్లిఫయర్ చెడిపోతే గిటారుని హేమండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాయిద్యానికుండే, లోపల గిరగిరా తిరిగే లెస్లీ స్పీకర్‌లోకి పెట్టారు, అందుకే కొన్ని పాటల్లో గిటారు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది. మీ స్పీకర్ పాడైందని కంగారుపడకండి, నేను పడ్డాను. బీబీ కింగ్ ‘లైవ్ ఎట్ ద రీగల్’, 1964 నవంబరు 21న చికాగోలోని రీగల్ థియేటర్లో తీసింది. దీనికి ఫ్యాన్ నిరభ్యంతరంగా తిప్పుకోండి, ఆ జనం కేకల్లో మిక్సీ తిప్పినా వినపడదు. హాస్టల్లో అరిగిపోయిన క్యాసెట్ మీద నేను మొదట విన్న బ్లూస్ ఇదే, కాబట్టి నా మాట పూర్తిగా నమ్మొద్దు.

గిటారిస్టు స్టీవీ రే వాన్ పాట ‘టిన్ పాన్ ఆలీ’ లిస్టులో లేదేంటని కామెంట్లు వస్తాయి. గొప్ప రికార్డింగే, ఒప్పుకుంటా. ఏ స్పీకర్ల షోరూముకి వెళ్ళినా అదే పెడతారు. అన్ని పెళ్ళిళ్ళలో అదే పన్నీర్ తిన్నట్టు అయింది నాకు.

పాతకాలం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ని మాత్రం పెద్ద సిస్టమ్ మీద పెట్టకండి. 1936లో శాన్ ఆంటోనియో హోటల్ గదిలో, మరుసటేడు డాలస్‌లో పాడిన 29 పాటలే మనకి మిగిలాయి. ఖరీదైన స్పీకర్లు ముందుగా చెప్పేది ఆ పాత రికార్డుల గరగరే. నేను వంటింట్లో చిన్న స్పీకర్లో వింటా, పప్పు ఉడికేలోపు నాలుగు పాటలు అవుతాయి. అక్కడే ఆయన బాగుంటాడు.

చివరగా అచ్చంగా బ్లూస్ అనలేనిది ఒకటి. మన విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’, 1993. కాలిఫోర్నియాలో ఒక క్రైస్తవ ప్రార్థనా మందిరంలో తీశారు. భట్ గిటారుని మార్చి చేసుకున్న మోహన వీణ ఒకవైపు, వేలికి గొట్టం తొడుక్కుని వాయించే బాటిల్‌నెక్ గిటారు ఇంకోవైపు. దీనికీ ఫ్యాన్ ఆపాల్సిందే.

సరే, ‘ఫోక్ సింగర్’ కొనాలా? వినాలి, అందులో సందేహం లేదు. ఎల్పీయే కావాలంటే, తేడా వస్తే మార్చి ఇస్తామని రాసిచ్చే చోట కొనండి. లేదంటే సీడీ చాలు, దాని రంధ్రం తిన్నగానే ఉంటుంది. నేను ఈ కాపీని మాత్రం ఆయన అడిగినా తిరిగివ్వను.

ఆగండి, ఇందాకట్నుంచి చొక్కా అంతా తడిసిపోయింది. ఫ్యాన్ వేస్తున్నా. వింటున్నారా ఆ టక్ టక్?