బీపీ మాత్ర జింకును ఏం చేస్తుంది? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. లోహం సాయంతో ప్రొటీన్లను కోసే ఎంజైముల గురించి, వాటిని అడ్డుకునే మందుల గురించి ఔషధశాస్త్ర ఆచార్యులు ఈ పూట మన ప్రశ్నలకు జవాబులు చెబుతారు. మొదటి ఫోను నల్గొండ నుంచి.

శ్రోత (నల్గొండ): నమస్కారమండి. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఆరేళ్లుగా బీపీకి రామిప్రిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. అంతకుముందు వేరే మాత్ర ఉండేది, దానితో కాళ్లు వాస్తున్నాయని మార్చారు. మా మనవడు ఫార్మసీ చదువుతున్నాడు. ఈ మాత్ర ఒంట్లోని జింకును పట్టుకుంటుందని మొన్న పండక్కి వచ్చినప్పుడు చెప్పాడు. అప్పటినుంచి నాకు ఒకటే దిగులు. రోజూ ఇలా పట్టుకుంటూ పోతే నా జింకు ఏమైపోతుందండీ?

నిపుణులు: మీ మనవడు చెప్పింది నిజమే, మీ దిగులు మాత్రం అనవసరం. ఏసీఈ అనే ఎంజైము, పది అమైనో ఆమ్లాల గొలుసైన యాంజియోటెన్సిన్-1 కొస నుంచి రెండింటిని కోసేస్తుంది. మిగిలిన ఎనిమిదింటి ముక్క రక్తనాళాలను బిగించి బీపీని పెంచుతుంది. ఆ ఎంజైము గాడిలో రెండు హిస్టిడిన్లు, ఒక గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు కలిసి ఒక జింకు అయానును పట్టి ఉంచుతాయి. కోసేది జింకేనని చాలామంది అనుకుంటారు గాని, జింకు తన పక్కనున్న నీటి అణువును చురుకుగా మారుస్తుంది, బంధాన్ని తెంచేది ఆ నీరు. రామిప్రిల్ కాలేయంలో రామిప్రిలాట్‌గా మారి, ఆ గాడిలోనే కూర్చుని, తన కార్బాక్సిలేట్ కొసతో జింకును పట్టి, నీటికి అక్కడ చోటు లేకుండా చేస్తుంది. అడకత్తెరలో పోకచెక్కకు బదులు గులకరాయి ఇరికించినట్టన్నమాట.

శ్రోత: అంటే జింకు తగ్గిపోతుందనే కదండీ? మా ఇంటావిడ అప్పుడే జింకు బిళ్లలు కూడా తెప్పించింది.

నిపుణులు: మాస్టారూ, రాయి అడకత్తెరలో ఇరుక్కుంటుంది గాని అడకత్తెరను ఊడదీసుకుని పోదు. జింకు ఎంజైములోనే ఉంటుంది. మీరే లెక్క వేయండి: మన ఒంట్లో సుమారు 2 గ్రాముల జింకు ఉంటుంది. మీ మాత్రలోని అణువులన్నీ తలా ఒక జింకును ఎత్తుకుపోయాయనుకున్నా, అది ఒక మిల్లీగ్రాముకు లోపే. మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

శ్రోత: ఆపలేదండీ. రెండు రోజులు మాత్రం వేసుకోలేదు.

నిపుణులు: దాన్నే ఆపడం అంటారు! దయచేసి అలా చేయకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. గుంటూరు నుంచి మాట్లాడుతున్నవారు, చెప్పండమ్మా.

శ్రోత (గుంటూరు): ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టినప్పటినుంచి పొడి దగ్గు వదలడం లేదండీ.

నిపుణులు: మీ మాత్ర అడ్డుకునేది కూడా ఏసీఈనేనమ్మా. రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరిచేది కూడా ఈ ఎంజైమే. దాన్ని ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుని దగ్గు తెప్పించవచ్చు. మీ డాక్టరుకు చెబితే మరో రకం మందుకు మారుస్తారు, మీ అంతట మీరు ఆపకండి. పెదవులు, నాలుక వాస్తే మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (వరంగల్): సార్, లోహాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం కూడా ఇలాగే అడ్డుకుంటుందా?

నిపుణులు: మంచి ప్రశ్న బాబూ. అది అసలు దొంగ, జింకునే లాగేసుకుంటుంది. అందుకే రక్తంలో ఏసీఈ పరీక్షకు ఈడీటీఏ ఉన్న ఊదా మూత గొట్టాన్ని వాడరు. మందు చేయవలసింది లోహాన్ని లాగడం కాదు, ఆ ఒక్క గాడికే సరిపోవడం. దీనికి దారి చూపింది బ్రెజిల్ పాము జరరాకా. దాని విషం బ్రాడీకైనిన్ ప్రభావాన్ని పెంచుతుందని 1965లో ఫెరేరా అనే శాస్త్రవేత్త చూపించాడు. తర్వాత స్క్విబ్ అనే మందుల సంస్థలో కుష్మన్, ఒండెట్టి ప్రోలీన్‌కు గంధకపు కొసను తగిలించి, ఆ కొస జింకును పట్టేలా క్యాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. దద్దుర్లకు, రుచి పోవడానికి గంధకమే కారణమని అనుమానించి ఎనలాప్రిల్‌లో దాని బదులు కార్బాక్సిలేట్ పెట్టారు. చదువుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం...

వ్యాఖ్యాత: క్షమించాలి, సమయం తక్కువగా ఉంది. అనంతపురం.

శ్రోత (అనంతపురం): చిన్న పింజర విషంలో కూడా ఇలాంటి ఎంజైములే ఉంటాయట. పాము కరిస్తే ఈ బీపీ మాత్ర పనికొస్తుందా అండీ?

నిపుణులు: రాదు. రక్తనాళాల గోడలను తెగగొట్టే ఆ ఎంజైములలోనూ జింకు ఉంటుంది గాని వాటి గాడి వేరు. కాటు పడితే విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

వ్యాఖ్యాత: కార్యక్రమం ముగించే సమయమైంది. ధన్యవాదాలండీ.

నిపుణులు: ఒక్క మాట. నల్గొండ మాస్టారు వింటున్నారేమో, వేసుకోని ఆ రెండు రోజుల మాత్రలు కూడా కలిపి ఒకేసారి వేసుకోవద్దు. రోజూ వేసుకునే సమయానికి ఒక్కటే వేసుకోండి.