బొమ్మ: ఒకే మాట, ఇన్ని కళలు

(తెర మీద: పిల్లల డ్రాయింగ్ పుస్తకం, పక్కనే మట్టి ఎద్దు)

"పాప బొమ్మ వేసింది" అంటే కాగితం మీద గీసిందని ఠక్కున తెలిసిపోతుంది. "బొమ్మ చేసింది" అంటే మట్టితోనో పిండితోనో అన్నమాట. "బొమ్మ పడింది" అంటే హాల్లో సినిమా మొదలైంది. "బొమ్మ తగలబెట్టారు" అంటే కూడలిలో ఎవరి దిష్టిబొమ్మకో నిప్పంటించారు. మాట మారలేదు, పక్కన క్రియ మారింది. ఏ బొమ్మో చెప్పేది ఆ క్రియే.

(కొండపల్లి: కర్ర చెక్కుతున్న చేతులు)

విజయవాడ దగ్గర కొండపల్లిలో బొమ్మ అంటే తెల్ల పొణికి కర్ర. తేలికైన కర్ర, ఉలికి మెత్తగా లొంగుతుంది. ముందు సన్నటి సెగ మీద దాని తేమ పోగొడతారు. కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ మక్కుతోనే ముక్కుమొహాలు తీర్చి, ఆరాక సున్నం పూత, ఆపైన రంగులు. అంబారీ ఏనుగును దగ్గరగా చూడండి, అతుకు ఎక్కడుందో కంటికి దొరకదు.

(నిమ్మలకుంట: తెల్ల తెర వెనక దీపం)

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వస్తే బొమ్మ తోలుది. మేకతోలును వెలుగు దూరేంత పలచన చేసి, నగల చోట చిన్నచిన్న చిల్లులు పొడిచి, రెండువైపులా రంగులద్దుతారు. పరిచి చూస్తే అది గీసిన బొమ్మ. కీళ్లు కట్టి కర్రతో తెర మీద ఆడిస్తే నడిచే సీత, ఎగిరే హనుమంతుడు. వేసే బొమ్మా, ఆడించే బొమ్మా ఒకటైన చోటు ఇదే. అందుకే నాకు అన్నిటికన్నా తోలుబొమ్మే ఇష్టం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

(సంక్రాంతి బొమ్మల కొలువు)

వాడుకలో ఇంకో తేడా ఉంది. కొలువులో పెట్టిన రాముణ్ణి బొమ్మ అంటాం. గుళ్లో పూజలందుకునే రాముణ్ణి విగ్రహం అంటాం, బొమ్మ అనం. అక్కడ మాట మార్చేది పనితనం కాదు, భక్తి.

ఈమధ్య ఎగ్జిబిషన్ బోర్డుల మీద "కళాఖండాలు" అనే రాస్తున్నారు. గౌరవంతోనే రాస్తున్నారు, కాదనను. కానీ కొండపల్లిలో ఆ కర్ర చెక్కే మనిషిని అడగండి, "బొమ్మలు చేస్తామండీ" అంటారు. బోర్డు మీద కూడా ఆ మాటే రాయండి.