ఫ్రీగా వచ్చిన రూఫ్ క్యారియర్‌ను ఎందుకు విప్పేశానంటే...

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. కారు పైన సామాన్లు కట్టుకునే ఈ రూఫ్ క్యారియర్‌ను ఒక షాపువాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా ఇచ్చారు. రివ్యూకు నేను డబ్బులేమీ తీసుకోలేదు. ఎంత బరువు మోస్తుంది, ఏ కారుకు సరిపోతుంది అన్నవి ఈపాటికే చూసుంటారు. బిగింపు గట్టిగానే ఉంది. నేను చెప్పాల్సింది దాని ఈల గురించి.

చంద్రగిరి దాటి చిత్తూరు హైవేలో స్పీడు 80 దాటగానే మొదలైంది. సన్నగా, చెవిలో దోమ దూరినట్టు. వెనక సీట్లో అమ్మ, "ఏదో అద్దం సరిగా మూసుకోలేదు, చూడు నాయనా" అనింది. అన్నీ మూసే ఉన్నాయి. బండి ఆపి పైకి చూస్తే తెలిసింది, కడ్డీలు నలుపలకల గొట్టాలు. గాలి వాటిని తాకి, వెనకవైపు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి సుడులు తిరుగుతా విడిపోతుంది. ఈల ఆ సుడులదే.

ఇంటికొచ్చి కడ్డీలకు పురికొస మెలికలుగా చుట్టాను, బెత్తెడు ఎడంతో. మర్నాడు అదే రోడ్డు, అదే స్పీడు. ఈల దాదాపు పోయింది! కొన్ని ఫ్యాక్టరీల పొగగొట్టాలకు పైన మరచుట్టు మాదిరి రేకు ఉంటుంది చూడండి, అదీ ఈ సుడులను చెదరగొట్టడానికే.

ఈల పోయిందిగానీ డ్రాగ్ పోలేదు. గాలి వెనక్కి తోసే ఆ బలం స్పీడు రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. అలిపిరి నుంచి కొండెక్కేటప్పుడు దీంతో పనిలేదు. 28 నిమిషాలకు ముందు పైకి చేరకూడదు కాబట్టి సగటున 40కి అటూఇటూ పోతాం, అక్కడ ఇంజన్‌కు భారమంతా బండి బరువే. అదే హైవేలో 100 పోతే, 40లో ఉన్న డ్రాగ్‌కు ఆరు రెట్ల పైమాటే. మా నాయన పాత కారు మీద ఇనప క్యారియర్ పదేళ్లుండేది. అప్పటి రోడ్లలో 60 దాటిందెప్పుడు, తెలిసేదానికి?

కారు చేసేవాళ్లు సైడ్ మిర్రర్ వంపు, డిక్కీ అంచు, బండి కింద పలకలు అన్నీ విండ్ టన్నెల్లో, అంటే గాలిని జోరుగా వదిలి పరీక్షించే గదిలో పెట్టి డ్రాగ్‌ను కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఆ కష్టం నెత్తిన ఈ గొట్టాలు! నీటిబొట్టు ఆకారపు కడ్డీకి, అంతే మందమున్న గుండ్రటి కడ్డీతో పోలిస్తే డ్రాగ్ సుమారు పదో వంతే. నలుపలకలది గుండ్రటిదానికన్నా అధ్వానం. నాకు కోపం అక్కడే.

దీన్ని కొనమని చెప్పలేను. ఆ నీటిబొట్టు మాదిరి, రెక్క ఆకారం కడ్డీలున్నది దొరికితే రేటు ఎక్కువైనా అదే తీసుకోండి, సామాన్లు దించిన రోజే విప్పేయండి. నాది నిన్న విప్పేశా. పొద్దున కాణిపాకం పోయాం. గుడి దగ్గర లేపేదాకా అమ్మ నిద్రలోనే ఉంది.