తీరం ఎక్కడ దాటుతుందని అడక్కండి

అధ్యక్షులు గారికి, వేదిక మీద పెద్దలకి, ఎండలో కుర్చీలు మోసిన కుర్రాళ్లకి, అమ్మలకి, అయ్యలకి, మైకు బాబుకి నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను. అయినా కప్పారు. జూన్ మొదటి వారంలో విజయవాడలో శాలువా కప్పుకుని నిలబడ్డవాడి మాటలు కాస్త వేడిగా ఉంటే సర్దుకోండి.

నాకిచ్చిన అంశం ‘వర్షాకాలం - జాగ్రత్తలు’. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకండి. అంశం అయిపోయింది. ఇక నేను చెప్పుకోవాల్సింది చెప్పుకుంటాను.

బంగాళాఖాతంలో ఏదన్నా కదిలిందంటే నిద్ర మానుకుని చూసే పిచ్చివాళ్లం కొంతమందిమి ఉన్నాం. నేను రిటైరైన సైన్సు మాస్టార్ని. ఒకాయనది మెడికల్ షాపు. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు ఇద్దరు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా ఒకాయన. మచిలీపట్నం రాడార్ బొమ్మలు, ఇన్‌శాట్ ఉపగ్రహం తీసే మేఘాల బొమ్మలు, రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే యూరప్ వాళ్ల మోడల్, అమెరికా వాళ్ల మోడల్, అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి. గుమస్తా గారికి ఈ పిచ్చి సరదాకి పట్టలేదండోయ్. మార్చి, ఏప్రిల్‌లో కల్లాల మీద మిరపకాయలు ఎండుతుంటాయి. సముద్రం మీంచి వచ్చే తేమ గాలికి, పడమట నుంచి వచ్చే పొడిగాలికి లంకె కుదిరిందంటే సాయంత్రానికి మేఘం నిలువునా లేస్తుంది. ఈదురుగాలి, పిడుగులు, వడగళ్లు, అంతా గంట, గంటన్నరలో అయిపోతుంది. పట్టా కప్పడానికి రైతుకి ముప్పావుగంట ముందు తెలిస్తే చాలు. ఆ ముప్పావుగంట కోసం ఆయన రాడార్ చూడ్డం నేర్చుకున్నాడు. మా అందరిలోకీ గట్టి చూపు ఆయనదే.

సరే, నా గోడు వినండి. వాయుగుండం అనే మాట టీవీలో వచ్చిందో లేదో నాకు ఫోన్లు మొదలు. ఒకటి, ‘పేరేం పెట్టారు మాస్టారూ?’ రెండు, ‘తీరం ఎక్కడ దాటుతుంది?’ మూడు, ‘రేపు స్కూళ్లకి సెలవిస్తారా?’ మూడోదాని మీద నాకు గౌరవం ఉంది, అడిగేవాడికి ఏం కావాలో వాడికి తెలుసు. నా తగువంతా మొదటి రెండింటితోనే.

2024 ఆగస్టు 31, శనివారం. ఈ పేటలో ఆ తేదీ మర్చిపోయినవాళ్లు ఉండరు. ఆ వాయుగుండానికి పేరు లేదు. గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లు అందుకుంటేనే పేరు పెడతారు, అది అందుకోలేదు. తీరం దాటింది కూడా ఇక్కడ కాదు. అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర, మనకి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. పేరూ లేదు, మన ఊరూ కాదు. ఇంకేం, అందరూ నిశ్చింతగా పడుకున్నారు.

గాలి దాని చుట్టూ గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరుగుతుంది. వానాకాలంలో అయితే నైరుతి గాలి కూడా దాంతో కలుస్తుంది. అందుకని ఈ కాలపు వాయుగుండానికి వానంతా నైరుతి పక్కనే ఎక్కువ. మధ్యభాగం శ్రీకాకుళం వైపు పోతుంటే, దాని నైరుతి పక్కన ఎవరున్నారు? మనం. ఆ శనివారం రాడార్‌లో మేఘాలు గూడ్సు బండి పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఒకే దారిన వస్తున్నాయి, ఒకే చోట కురుస్తున్నాయి. ఆ పొద్దునే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది, ప్రాణాలు పోయాయి.

ఆ రాత్రి ఒక టీవీ ఛానల్ వాళ్లు (పేరు చెప్పను, చెబితే ఈ వీడియో పెట్టుకోనివ్వరు) నన్ను చర్చకి పిలిచారు. ‘మైలవరం కొండల మీద చూడండమ్మా...’ అని మొదలెట్టాను. ‘బ్రేక్ తర్వాత కొనసాగిద్దాం’ అంది యాంకర్ అమ్మాయి. బ్రేక్ అయ్యాక కళింగపట్నంలో అలలు చూపించారు. మళ్లీ మైలవరం అన్నాను. ‘మాస్టారూ, తీరం దాటాక గాలి వేగం ఎంత ఉండొచ్చు?’ మూడోసారి మైలవరం అన్నప్పుడు నా మైకు ఆపేశారు. నా పెదాలు కదులుతున్నాయి కానీ మాట రావట్లేదని మా ఆవిడ ఇంట్లో టీవీ రిమోట్ తిట్టుకుంటూ కూర్చుందిట.

ఇప్పుడు చెప్పండి. బుడమేరు ఎక్కడ పుట్టిందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. సిగ్గుపడకండి, ఎత్తండి. ఒకటి, రెండు... ఆ వెనక అమ్మ, మూడు. ఇంతమందిలో! మన ఇళ్లలోకి వచ్చిన ఏరు కదండీ, ఊరూ పేరూ కనుక్కోవద్దూ? మైలవరం వైపు కొండల్లో పుడుతుంది, పోయి కొల్లేట్లో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అక్కణ్నుంచి కృష్ణలోకి డైవర్షన్ కాలువ. ఆ కాలువ కట్టకి మూడు గండ్లు పడ్డాయి. ఆదివారం సింగ్‌నగర్ మునిగింది. వాన తెరిపిచ్చాక కూడా నీళ్లు పెరిగాయి, మీరంతా మేడల మీంచి చూశారు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 2009 అక్టోబరు రికార్డు కూడా దాటిపోయింది. కృష్ణే అంత నిండుగా ఉంటే బుడమేరు పోయి ఎక్కడ కలవాలి?

ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా, మాస్టారి బుద్ధి. చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే కోటి లీటర్లు. ఇరవై సెంటీమీటర్లు కురిస్తే ఇరవై కోట్లు. అదీ ఒక్క చదరపు కిలోమీటరుకే. పైన కొండలు ఎన్ని చదరపు కిలోమీటర్లో మీరే ఊహించుకోండి.

ఇది మన ఒక్కరికే జరిగిందా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. చెన్నై మాత్రం అంతకుముందే మునిగింది. మన వైపు కోసిన వరి పనల మీద నీళ్లు నిలిచాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు వరంగల్ వీధుల్లో నీళ్లు! వరంగల్‌కి సముద్రం ఎక్కడుందండీ?

తీరం దాటే చోటు అసలు అక్కర్లేదని అన్నానని రేపు ఎవరూ రాయకండి. ఉప్పెనకి అదే ప్రాణం. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. అవనిగడ్డ, నాగాయలంక వైపు చుట్టాలున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒడ్డునున్నవాడు తీరం అడగాలి, అడిగి తీరాలి. కానీ మనం ఒడ్డున లేం. మనం ఏటి కింద ఉన్నాం.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. అయిపోయిందండీ, రెండు ముక్కలు.

మచిలీపట్నం రాడార్‌కి మేఘంలో నీళ్లు కనిపిస్తాయి. భూమి గుండ్రం కాబట్టి దూరం పోయేకొద్దీ దాని చూపు నేలకి ఎత్తున పోతుంది. మైలవరంలో నేల మీద అసలెంత పడిందో నేల మీదున్నవాడే చెప్పాలి. అందుకని మీలో మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు వైపు బావమరిదో, వియ్యంకుడో, పాత స్నేహితుడో ఉన్నవాళ్లు ఈ సభ అయ్యాక వెళ్లిపోకండి. వాన ఎంత పడిందో కొలిచే వానమానికలు కొన్ని తెప్పించాం, డబ్బాలో ఉన్నాయి. డాబా మీద, చెట్టుకీ గోడకీ దూరంగా పెట్టాలి. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఒకసారి చూసి అంకె పంపాలి. కుండపోత అయితే గంటకోసారి. ‘ఇక్కడ బాగా పడుతోందండీ’ అని పంపొద్దు, అంకె పంపండి. ఆ అంకెలు చూసి, ఇక్కడ కింది అంతస్తుల్లో ముసలివాళ్లున్న ఇళ్లకి ముందుగా ఎవరు వెళ్లి చెప్పాలో వీధికి ఒకరి చొప్పున రాసుకోవాలి. దానికి కూడా మనుషులు కావాలి.

నీలం చొక్కా కుర్రాడు గుమ్మం దగ్గర నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాడు. టిఫిన్ పొట్లాలు కూడా వాడి దగ్గరే ఉన్నాయి. పేరు రాయించుకోకుండా పొట్లం ఇవ్వొద్దని వాడికి చెప్పాను.